ట్రేడ్ విండో దాటినంక ఐటమ్ ఎవరిది? గేమ్ సామాను, ఐడీల మోసాలు నడిచే తీరు

గేమ్‌ల ఐటమ్‌లు (గన్‌లు, డ్రెస్‌లు, పెట్స్ అసొంటివి) మార్చుకునే కాడ జరిగే మోసాల గురించి మాట్లాడితే అందరు చెప్పే మాట ఒకటే, ఎవర్నీ నమ్మొద్దు అని. ఆ మాటతోని పెద్దగ పని జరగదు. మోసపోయిన పోరగాళ్లల్ల చానామంది అవతలోన్ని గుడ్డిగ ఏం నమ్మలేదు, వాడు అడిగిన ఒక చిన్న పని చేసిండ్రు గంతే. లింక్ ఓపెన్ చేసుడు, ముందుగాల ఐటమ్ పంపుడు, ఫోన్‌కు వచ్చిన ఓటీపీ చెప్పుడు, ఇట్లాంటివే. అందుకే మనిషి మంచోడా కాదా అని ఆలోచించుకుంట కూసునే కంటే ఇచ్చుడికి పుచ్చుకునుడికి నడుమ ఎంత గ్యాప్ ఉంది, ఆ గ్యాప్‌ల సామాను ఎవరి చేతుల ఉంది, పైసలు ఎవరి చేతుల ఉన్నయ్ అనేది చూసుకోవాలె. దాదాపు ప్రతి మోసం ఆ గ్యాప్‌లనే జరుగుతది.

గేమ్‌లల్ల ట్రేడ్ విండో పెట్టిందే ఈ గ్యాప్ లేకుండ చేసేతందుకు. ఇద్దరు తమ తమ ఐటమ్‌లు విండోల పెడతరు, ఇద్దరు ఓకే కొడతరు, అప్పుడు గేమ్ సర్వరే ఒక్కసారి రెండు దిక్కుల మార్చేస్తది, నడుమ ఎవ్వని చేతుల రెండూ ఉండవు. రూన్‌స్కేప్ లాంటి పాత గేమ్‌లల్ల మొదటి ఓకే అయినంక రెండో స్క్రీన్ ఒకటి వస్తది, ఇగో నువ్వు ఇచ్చేటివి ఇవి నీకు వచ్చేటివి ఇవి అని మల్లోసారి చూపించి అడుగుతది. అదే గేమ్‌ల ఒకప్పుడు దొంగ క్రెడిట్ కార్డులు వాడి గేమ్ గోల్డ్‌ను బయట పైసలకు అమ్ముకునేటోళ్ల బెడద ఎంత పెరిగిందంటే 2008 జనవరిల కంపెనీ ఆటగాళ్ల నడుమ ఫ్రీ ట్రేడ్‌నే కట్టడి చేసింది, ఆడేటోళ్లు మస్తు లొల్లి చేసిండ్రు, మల్ల 2011 ఫిబ్రవరి 1న గానీ అది వాపస్ రాలేదు. ఒక కంపెనీ మూడేండ్లు తన గేమ్‌ల సగం మజాను పక్కన పెట్టిందంటే ఇది చిన్నపిల్లల లొల్లి అని కొట్టిపారేసే ముచ్చట కాదు.

విండో ఉన్నకాడ మోసగానికి మొదటి పని నిన్ను దాని బయటికి తీసుకపోవుడు. రోబ్లాక్స్ అనే గేమ్‌ల ఎక్కువ జరిగేది ఇదే, మూడు నాలుగు తరగతుల పిల్లలు గూడ ఆడతరు గాబట్టి వాళ్లే ఎక్కువ దొరుకుతరు. "నా పెట్స్ అన్నీ ఒక్క ట్రేడ్‌ల పట్టవు, నువ్వు ఫస్ట్ ట్రేడ్‌ల నీది ఇయ్యి, సెకండ్ ట్రేడ్‌ల నేను మిగిలినవి ఇస్త" అంటడు. ఒక ట్రేడ్‌ను రెండు ముక్కలు చేసిండంటే నడుమ గ్యాప్ తయారైనట్టే, ఫస్ట్ ట్రేడ్ కాంగనే సర్వర్ నుంచి మాయం. ఇంకోడు "నీ ఐటమ్ నాకియ్యి, డబుల్ చేసి ఇస్త" అంటడు, మొదట చిన్నది ఇస్తే నిజంగనే డబుల్ చేసి ఇస్తడు, రెండోసారి గూడ ఇస్తడు, మూడోసారి పెద్దది ఇచ్చినంక కనబడడు. ఇంకొన్ని గేమ్‌లల్ల ఐటమ్ కింద పడేసే ఏర్పాటు ఉంటది, నువ్వు నీది పడెయ్యి నేను నాది పడేస్త అని చెప్పి వాడి దోస్త్ పక్కనించి వచ్చి తీసుకపోతడు. విండోల పట్టని డీల్ ఏదైనా సరే, ఎంత మంచి రేటు చెప్పినా సరే, వద్దు అనుడే మంచిది.

విండో లోపల గూడ మోసం ఉంటది, ఐటమ్ మార్చి పెట్టుడు. కౌంటర్ స్ట్రైక్ అనే గేమ్‌ల స్కిన్‌లు, అంటే గన్ మీది రంగుల డిజైన్‌లు, తీసుకుంటే ఒకే పేరు ఒకే రంగు ఉన్న గన్‌కు అయిదు దాక అరుగుదల గ్రేడ్‌లు ఉంటయ్, ఫ్యాక్టరీ న్యూ, మినిమల్ వేర్, ఫీల్డ్ టెస్టెడ్, వెల్ వోర్న్, బ్యాటిల్ స్కార్డ్. దీని వెనక ఫ్లోట్ అనే నంబర్ ఉంటది, సున్నా నుంచి ఒకటి దాక, 0.07 లోపు ఉంటే ఫ్యాక్టరీ న్యూ, 0.45 దాటితే బ్యాటిల్ స్కార్డ్, స్కిన్ పుట్టినప్పుడు ఏ నంబర్ పడితే అదే జీవితాంతం, ఎంత ఆడినా మారది. చిన్న బొమ్మల చూస్తే రెండు గ్రేడ్‌లు ఒక్కతీరుగనే కనబడతయ్, రేటు మాత్రం చానా తేడా ఉంటది. మోసగాడు మొదట మంచిది పెడతడు, "అయ్యో తప్పు పెట్టిన" అని తీసేస్తడు, ఇంకేదో మాట్లాడుకుంట మల్ల పెడతడు, ఈసారి పెట్టింది అరిగిపోయినది. నువ్వు ముందుగాలనే చూసిన అనే ధీమాల ఉంటవ్ గాబట్టి రెండోసారి దాని మీదికి మౌస్ గూడ తీసుకపోవు. ఎవడైనా ఐటమ్ తీసి మల్ల పెడితే ఆ ట్రేడ్‌ను కొత్త ట్రేడ్ లెక్కనే చూడాలె, పేరు, గ్రేడ్, ఫ్లోట్ అన్నీ మొదటి నుంచి. జల్ది చెయ్ జల్ది చెయ్ అని తొందరపెట్టేటోడు ఉంటే ఆ తొందర ఎవరికి లాభమో ఆలోచించాలె.

కంప్యూటర్ గేమ్‌లు కొనుక్కునే, కౌంటర్ స్ట్రైక్ ఐటమ్‌లు మార్చుకునే స్టీమ్‌ల అన్నిటికన్న ముదురు మోసం ఒకటి ఉంది, ఏపీఐ స్కామ్ అంటరు, ఇది జర నిమ్మళంగ అర్థం చేసుకోవాలె, ఎందుకంటే ఇందుల మంచిగ తెలివి ఉన్నోళ్లు గూడ పడతరు. మొదలు ఒక దొంగ సైట్‌ల నువ్వు స్టీమ్‌తోని లాగిన్ అయితవ్. దోస్త్ అకౌంట్ నుంచే మెసేజ్ వస్తది, మా టీమ్‌కు ఓటెయ్యి, టోర్నమెంట్ ఉంది జాయిన్ అవ్ అని, ఆ దోస్త్ అకౌంట్ అప్పటికే హ్యాక్ అయి ఉంటది. లాగిన్ అయినంక ఏం కాదు, ఐటమ్‌లు అన్నీ ఉన్నకాడనే ఉంటయ్, నువ్వు మర్చిపోతవ్. మోసగాడు లోపల నీ పేరు మీద వెబ్ ఏపీఐ కీ (వేరే ప్రోగ్రామ్ నీ అకౌంట్‌ల పని చేసేతందుకు తాళంచెవి లాంటి కోడ్) అనేది ఒకటి తయారు చేసుకుంటడు, లేకపోతే నీ లాగిన్‌నే వాడుకుంటడు, దాంతోని నీకు వచ్చే ట్రేడ్ ఆఫర్లు, నువ్వు పంపే ఆఫర్లు వాడికి కనబడతయ్, క్యాన్సిల్ చేసే పవర్ గూడ వస్తది. వారానికో నెలకో నువ్వు నిజమైన మనిషితోని నిజమైన ట్రేడ్ పెడతవ్. వాడు ఆ ఆఫర్‌ను సెకన్లల్ల క్యాన్సిల్ చేసి, అవతలి మనిషి పేరు, ఫోటో అచ్చుగుద్దినట్టు పెట్టుకున్న ఇంకో అకౌంట్ నుంచి అదే ఆఫర్ మల్ల వచ్చేటట్టు చేస్తడు. నువ్వు ఫోన్‌ల కన్ఫర్మ్ కొడతవ్. కొట్టింది నువ్వే, ఫోన్ నీదే, అంత కరెక్ట్‌గనే చేసినట్టు అనిపిస్తది.

దీన్ని పట్టుకునే జాగ ఒక్కటే, ఫోన్‌ల కన్ఫర్మ్ స్క్రీన్. అక్కడ అవతలి అకౌంట్ లెవెల్, ఎప్పటి నుంచి స్టీమ్‌ల ఉన్నది చూపిస్తది. పేరు, ఫోటో కాపీ కొట్టొచ్చు గానీ అకౌంట్ పుట్టిన తారీఖు కాపీ కొట్టలేరు. పన్నెండేండ్ల అకౌంట్ అని తెలిసినోనితోని ట్రేడ్ పెట్టినవ్, స్క్రీన్ మీద ఈ ఏడాది తారీఖు కనబడితే అక్కడనే ఆగాలె. ఇంక ఎప్పుడన్న అనుమానం వస్తే స్టీమ్‌ల ఏపీఐ కీ పేజీ ఓపెన్ చేసి చూడాలె, నువ్వు చేయని కీ ఉంటే దాన్ని రివోక్ (రద్దు) చెయ్యాలె, మిగిలిన డివైస్‌లన్నిటి నుంచి లాగౌట్ కొట్టాలె, పాస్‌వర్డ్ మార్చాలె, ట్రేడ్ లింక్ (అవతలోళ్లు నీకు ఆఫర్ పంపే లింక్) గూడ కొత్తది తీసుకోవాలె. ఒక్క పాస్‌వర్డ్ మార్చి వదిలేస్తే కీ అట్లనే బతికి ఉండొచ్చు.

దొంగ లాగిన్ పేజీల ముచ్చట గూడ ఇక్కడనే చెప్పాలె. ఇప్పుడు వచ్చే దొంగ సైట్లు లాగిన్ బటన్ నొక్కంగనే ఒక చిన్న విండో తెరుస్తయ్, దాని మీద అడ్రస్ బార్, తాళం గుర్తు, అసలు స్టీమ్ అడ్రస్ అన్నీ ఉంటయ్. అది నిజమైన విండో కాదు, ఆ పేజీ లోపలనే గీసిన బొమ్మ. దాన్ని మౌస్‌తోని పట్టి బ్రౌజర్ బయటికి గుంజి చూస్తే తెల్సిపోతది, నిజమైన విండో బయటికి వస్తది, బొమ్మ పేజీ అంచుకాడనే ఆగుతది. ఫోన్‌ల ఈ టెస్ట్ కుదరది గాబట్టి ఫోన్‌ల అసలు ఇట్ల లాగిన్ కావద్దు. డిస్కార్డ్ అనే చాట్ యాప్‌ల అయితే క్యూఆర్ కోడ్ పంపిస్తరు, వెరిఫికేషన్ కోసం స్కాన్ చెయ్ అంటరు, నువ్వు స్కాన్ చేసి ఓకే అంటే వాడి కంప్యూటర్‌ల నీ అకౌంట్ ఓపెన్ అయినట్టే. రోబ్లాక్స్ పిల్లలనైతే బ్రౌజర్ లోపలికి పోయి ఒక పొడుగు కోడ్ కాపీ చేసి పంపమంటరు, అది లాగిన్ కుకీ, అంటే పాస్‌వర్డ్ లేకుండనే నీ అకౌంట్ తెరిచే కోడ్, దాని మొదట్లనే దీన్ని ఎవరికీ ఇవ్వొద్దు, ఇస్తే నీ రోబక్స్ (ఆ గేమ్ పైసలు), ఐటమ్‌లు దొంగిలిస్తరు అని ఇంగ్లీషుల హెచ్చరిక రాసి ఉంటది. ఆ వాక్యం చదివి అర్థం చేసుకునే ఇంగ్లీషు ఎనిమిదేండ్ల పోరనికి ఉండదు, ఇంట్ల పెద్దోళ్లు ఒక్కసారి దగ్గర కూసొని చెప్పాలె.

స్టీమ్ కంపెనీ వాల్వ్ 2015 డిసెంబర్‌ల తానే చెప్పింది, నెలకు 77,000 అకౌంట్‌లు హైజాక్ అయి దోపిడీ అయితున్నయ్ అని. దాని తర్వాతనే ఫోన్ ఆథెంటికేటర్ (ఫోన్‌ల ట్రేడ్ కన్ఫర్మ్ కొట్టే యాప్) లేకపోతే ట్రేడ్ ఆపుడు మొదలైంది, ఇప్పుడు అది లేనోళ్ల ట్రేడ్‌కు 15 రోజుల హోల్డ్ పడతది. 2025 జులైల కౌంటర్ స్ట్రైక్ ఐటమ్‌లకు ఇంకో ఏర్పాటు తెచ్చిండ్రు, ట్రేడ్ అయిన ఐటమ్ ఏడు రోజులు ప్రొటెక్షన్‌ల ఉంటది, ఆ ఏడు రోజులల్ల అకౌంట్ పోయినోడు ట్రేడ్‌లను వెనక్కి తిప్పుకోవచ్చు, తిప్పుకుంటే మాత్రం ఆ అకౌంట్‌కు 30 రోజులు ట్రేడింగ్ బంద్. హ్యాక్ అయినోళ్లకు ఇది నిజంగ పెద్ద ఆసరా. అయితే ఇదే ఏర్పాటు బయట పైసలిచ్చి కొనేటోళ్లకు కొత్త గ్యాప్ తెచ్చిపెట్టింది. నువ్వు యూపీఐల పైసలు కొట్టి స్కిన్ తీసుకున్నవ్, స్కిన్ నీ ఇన్వెంటరీల కనబడుతుంది, నాలుగో రోజు అమ్మినోడు హ్యాక్ అయిన అని చెప్పి ట్రేడ్ తిప్పుకుంటే స్కిన్ వాడికి పోతది, పైసలు గూడ వాడి దగ్గరనే ఉంటయ్. అందుకే ఏడు రోజులు దాటేదాక ఆ ఐటమ్ నీదని అనుకోవద్దు.

ఇగ మన దిక్కు సంగతి. హనుమకొండ హాస్టళ్లు, కాజీపేట రూమ్‌ల నుంచి పెద్దపల్లి, మంచిర్యాల దాక పోరగాళ్లు ఫోన్లల్ల ఆడే గేమ్‌లంటే ముందుగాల గుర్తొచ్చేటివి బీజీఎంఐ (పబ్‌జీకి మన దేశపు వెర్షన్), ఫ్రీ ఫైర్ మ్యాక్స్. ఈ రెండిట్ల ట్రేడ్ విండో అనేదే లేదు. నీ దగ్గరున్న గన్ స్కిన్, డ్రెస్ ఇంకోనికి ఇచ్చే దారి లేదు గాబట్టి మొత్తం ఐడీనే, అంటే గేమ్ అకౌంట్‌నే, అమ్ముతరు. అంటే అడ్డం ఉండే గోడనే లేనికాడ, అన్నిటికన్న పెద్ద సరుకును అన్నిటికన్న పలచటి నమ్మకం మీద చేతులు మారుస్తున్నరు. నష్టాలు ఇక్కడ పెద్దగ ఉండుడికి కారణం ఇదే.

ఒక డీల్ ఎట్ల నడుస్తదో చూస్తే సమజైతది. ఇన్‌స్టాల స్టోరీ పెడతడు ఒక పోరడు, ఐడీ సేల్, ఎక్స్ సూట్ (బీజీఎంఐల ఖరీదైన డ్రెస్) ఉంది, డీఎం అని. గంటల మెసేజ్ వస్తది.

"తమ్మి ఐడీ ఫైనల్ ఎంత"

"ఆరు వేలు అన్నా"

"అయిదున్నరకు చెయ్, ఇప్పుడే కొడత. నాది కరీంనగరే, ఫేక్ కాదు"

"సరే అన్నా పైసలు కొట్టుండ్రి"

"లాగిన్ ఇయ్యి తమ్మి, స్కిన్‌లు ఒక్కసారి చూసి కొడత, అయిదు నిమిషాలు"

"ముందుగాల పైసలు అన్నా"

"అరె నమ్మకం లేదా, ఇగో సగం కొట్టిన చూడు"

కింద పేమెంట్ స్క్రీన్‌షాట్, పచ్చ టిక్ గుర్తు. పోరడు స్క్రీన్‌షాట్ చూసిండు, బ్యాంక్ బ్యాలెన్స్ చూడలేదు. లాగిన్ ఇచ్చిండు, ఓటీపీ చెప్పిండు, రెండు నిమిషాలల్ల పాస్‌వర్డ్ మారింది, అన్న బ్లాక్ చేసిండు. ఇసొంటి స్క్రీన్‌షాట్‌లు తయారుచేసే దొంగ యాప్‌లే ఉన్నయ్, పేరు, టైమ్ ఏది గావాలంటే అది కొట్టుకోవచ్చు. పైసలు వచ్చినయ్యా లేదా అనేది నీ బ్యాంక్ యాప్‌ల బ్యాలెన్స్ చెప్పాలె, అవతలోడు పంపిన బొమ్మ చెప్పొద్దు. ఇంకొకటి, పైసలు తీసుకునేతందుకు యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, ఏ క్యూఆర్ స్కాన్ చెయ్యక్కర్లేదు, పిన్ కొట్టమన్నడంటే నీ పైసలు పోతున్నట్టే.

కొనేటోనికి గూడ భద్రం ఏం లేదు. ఐడీ దేనికి లింక్ అయి ఉంటది, ఫేస్‌బుక్‌కో గూగుల్‌కో ట్విట్టర్‌కో (ఇప్పటి ఎక్స్). అకౌంట్ మొదట తెరిచినోని దగ్గర పాత ఫోన్ ఉంటది, పాత నంబర్ ఉంటది, టాప్ అప్ చేసిన రశీదులు ఉంటయ్. నువ్వు పాస్‌వర్డ్ మార్చి, నంబర్ మార్చి అయిపోయింది అనుకుంటవ్ గానీ గూగుల్‌ల రికవరీ నంబర్ మార్చినంక గూడ ఏడు రోజుల దాక పాత నంబర్‌కు కోడ్ పంపే వీలు ఉంటది, అది అసలు ఓనర్ అకౌంట్ హ్యాక్ అయితే కాపాడేతందుకు పెట్టిన ఏర్పాటు. కంపెనీ కంటికి ఇక్కడ అసలు ఓనర్ అమ్మినోడే, నువ్వు హ్యాకర్ లెక్క కనబడతవ్. అందుకే ఒక్క ఐడీని ఇద్దరికి ముగ్గురికి అమ్మి ప్రతిసారి వెనక్కి గుంజుకునేటోళ్లు ఉన్నరు. పైగా ఐడీ అమ్ముడు కొనుడు ఈ గేమ్‌ల రూల్స్‌కే వ్యతిరేకం, సపోర్ట్‌కు రాస్తే ఆసరా దొరకది, ఐడీనే బ్యాన్ అయ్యే ప్రమాదం ఉంది. ఐడీ కొనుడు సేఫ్‌గ చేసే పద్ధతి అంటూ లేదు, ఉన్నదని చెప్పేటోడు ఏదో అమ్మేటోడే అయి ఉంటడు.

దీనికి మందు లెక్క మిడిల్‌మ్యాన్‌ను పెట్టుకుంటరు, గ్రూప్ అడ్మిన్ నడుమ ఉంటడు, ఐడీ, పైసలు రెండూ ఆయనకే ఇచ్చుడు, ఆయన కమీషన్ తీసుకొని ఇద్దరికి ఇచ్చుడు. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌ల అడ్తిదారు గూడ నడుమ మనిషే, రైతు మిర్చి బస్తాలు ఆయన కాడ దింపుతడు, కమీషన్ ఇస్తడు. కానీ ఆ అడ్తిదారుకు మార్కెట్ కమిటీ ఇచ్చిన లైసెన్స్ ఉంటది, అక్కడనే దుకాణం ఉంటది, కాంటా అందరి ముందు అయితది, తేడా వస్తే రేపు పొద్దుగాల పోయి నిలదీసే జాగ ఉంటది. టెలిగ్రామ్ మిడిల్‌మ్యాన్‌కు ఒక పేరు, ఒక ఫోటో తప్ప ఏం లేదు. ఎక్కువసార్లు కొనేటోడు, మిడిల్‌మ్యాన్, గ్రూప్‌ల "ఈ అన్న జెన్యూన్" అని చెప్పే నలుగురు అందరు ఒక్క ముఠానే. ఇంకోసారి మిడిల్‌మ్యాన్ నిజంగ మంచోడే ఉంటడు గానీ నీకు మెసేజ్ చేసింది ఆయన కాదు, ఆయన పేరుల ఒక అక్షరం మార్చిన దొంగ అకౌంట్.

వీటన్నిటికన్న ఇంటికి ఎక్కువ ఆపద తెచ్చేది ఒకటుంది, పైసలు నిజంగనే వచ్చే మోసం. మోసగాడు ఒకదిక్కు నీ ఐడీ కొంట అంటడు, ఇంకోదిక్కు ఎక్కడో ఉన్న ఇంకో మనిషికి సెకండ్ హ్యాండ్ ఫోన్ అమ్ముత అని చెప్పి పైసలు నీ యూపీఐకి కొట్టమంటడు. నీకు పైసలు వచ్చినయ్, బ్యాలెన్స్ చూసుకున్నవ్, అంత కరెక్టే అనుకొని ఐడీ ఇచ్చినవ్. ఆ మనిషికి ఫోన్ రాలేదు, ఆయన సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి కంప్లైంట్ ఇస్తడు, పైసలు పోయిన అకౌంట్ నంబర్ నీదే. బ్యాంక్ ఆ మొత్తాన్ని హోల్డ్‌ల పెడతది, కొన్నిసార్లు మొత్తం అకౌంటే ఫ్రీజ్ అయితది. పోరనికి పద్దెనిమిది నిండలేదు గాబట్టి వాడు వాడింది నాయిన యూపీఐ. పత్తి అమ్మిన పైసలు పడేది ఆ అకౌంట్లనే, రైతు భరోసా పడేది ఆ అకౌంట్లనే. విత్తనాల టైమ్‌ల ఆ అకౌంట్ ఆగిపోతే ఇల్లంత ఆగమైతది. అందుకే పంపినోని పేరు, మాట్లాడినోని పేరు ఒకటే ఉండాలె, వేరే పేరు మీద నుంచి వచ్చిన పైసలను ఖర్చు పెట్టకుంట, ఐడీ ఇయ్యకుంట ఉండాలె. వాపస్ ఇయ్యాలన్నా వాడు చెప్పిన కొత్త నంబర్‌కు కొట్టొద్దు, బ్యాంక్‌కు చెప్పి వచ్చిన అకౌంట్‌కే పోయేటట్టు చెయ్యాలె.

మోసం జరిగినంక ఏం దొరుకుతది అనేది ఏం పోయింది అన్నదాని మీద ఉంటది. ఐటమ్‌కు ఐటమ్ మార్చుకునే కాడ పోతే గేమ్ సపోర్ట్ ఒక్కటే దారి, అదీ అన్నిసార్లు ఐటమ్ వాపస్ ఇయ్యదు. యూపీఐల పైసలు పోతే మాత్రం దారి గట్టిగనే ఉంది, లేట్ చేయకుంట 1930కి ఫోన్ చెయ్యాలె లేకపోతే కేంద్రం సైబర్ క్రైమ్ పోర్టల్‌ల కంప్లైంట్ పెట్టాలె, పైసలు ఇంకో అకౌంట్‌కు దాటకముందు ఆపితేనే దొరుకుతయ్ గాబట్టి మొదటి గంట రెండు గంటలే ముఖ్యం. ఇట్ల వేరే మనిషి లెక్క నటించి ఆన్‌లైన్‌ల మోసం చేసుడు ఐటీ యాక్ట్ 66డీ కింద నేరం, మూడేండ్ల దాక జైలు పడే కేసు. ఇంట్ల తిడతరని పోరగాళ్లు రెండు రోజులు దాచిపెడతరు, ఆ రెండు రోజులల్లనే పైసలు నాలుగు అకౌంట్‌లు తిరిగి ఏటీఎంల నుంచి బయటికి పోతయ్. తిట్టుడు తర్వాత చూసుకోవచ్చు, ముందుగాల ఫోన్ చెయ్యనియ్యాలె.

కంప్లైంట్‌ల పనికొచ్చేటివి ముందే దాచిపెట్టుకోవాలె. పేమెంట్ హిస్టరీల ఉండే 12 అంకెల యూపీఐ రిఫరెన్స్ నంబర్, చాట్ మొత్తం స్క్రీన్ రికార్డింగ్, అవతలోని ప్రొఫైల్ లింక్. పేరు ఒక్కటి రాసుకుంటే పనికి రాదు, నిమిషంల మారుస్తరు, అదే స్టీమ్‌ల అయితే 17 అంకెల ఐడీ, బీజీఎంఐ, ఫ్రీ ఫైర్‌ల అయితే ప్లేయర్ నంబర్ మారవు. అవతలోడు బ్లాక్ చేసినంక చాట్ పోవచ్చు గాబట్టి అనుమానం రాంగనే రికార్డ్ చేసుకోవాలె. ఒకవేళ అకౌంటే ఫ్రీజ్ అయితే ముందుగాల అకౌంట్ ఉన్న బ్రాంచ్‌కు పోయి ఏ రాష్ట్రం పోలీసుల నుంచి వచ్చింది, కంప్లైంట్ నంబర్ ఎంత, ఎంత మొత్తం హోల్డ్‌ల ఉంది అని కాగితం మీద అడిగి తీసుకోవాలె, ఆ పైసలు దేనికి వచ్చినయో చూపించే చాట్‌తోని ఆ నంబర్ మీదనే అక్కడి పోలీసులకు రాయాలె. ఆన్‌లైన్‌ల పైసలిస్తే అకౌంట్ విడిపిస్తం అని మెసేజ్ చేసేటోళ్లు, పోయిన ఐడీ వాపస్ తెస్తం అని కామెంట్‌లల్ల నంబర్ పెట్టేటోళ్లు గూడ మోసగాళ్లే, ఒకసారి పోగొట్టుకున్నోళ్లనే వెతుక్కుంట వస్తరు.